ఒకే డిస్కు, నాలుగు సిస్టమ్‌లు: పాత కంప్యూటర్ బూట్ కాకపోతే

ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లను వేర్వేరు పార్టిషన్లలో ఎక్కించి, ఆన్ చేసినప్పుడల్లా వచ్చే మెనూలో కావలసినదాన్ని ఎంచుకునే పద్ధతిని మల్టీబూట్ అంటారు. పాత యంత్రాలున్న ఇళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. ఇంటెల్ 2006లో తెచ్చిన కోర్ 2 డుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 160 జీబీయో 320 జీబీయో హార్డ్ డిస్కు ఉన్న డెస్క్‌టాప్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని మీద నడిచే విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో మద్దతు ఆపేసింది. అయినా ఏదో పాత ప్రింటర్ కోసమో, అకౌంట్ల ప్యాకేజీ కోసమో దాన్ని తీసేయరు. పక్కనే రోజువారీ పనికి లినక్స్ మింట్, బరువు తక్కువని ఆంటిఎక్స్, కుతూహలం కొద్దీ డెబియన్ అనే మరో రెండు లినక్స్ రకాలు (డిస్ట్రోలు) వచ్చి చేరతాయి.

ఎక్కించడం ఇప్పుడు పెద్ద పని కాదు. చిక్కులు తర్వాత మొదలవుతాయి. నిన్నటిదాకా నడిచినది ఒక అప్‌డేట్ తర్వాత ఆగిపోతుంది. మూడోది ఎక్కించగానే మొదటిది మెనూలోంచి మాయమవుతుంది. ఒకటి నిమిషంన్నర పాటు ఊరికే నిలబడి, ఏమీ జరగనట్టు లోపలికి వెళుతుంది. చూడటానికి ఒకదానితో ఒకటి పొంతన లేని ఈ లోపాల్లో చాలావాటికి మూలం ఒకటే. ప్రతి ఆపరేటింగ్ సిస్టమూ యంత్రమంతా తనదేనన్న లెక్కలో తయారైంది. కానీ డిస్కులోని మొదటి సెక్టార్, పార్టిషన్ల వరుస సంఖ్యలు, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం), మదర్‌బోర్డు మీది గడియారం ఉమ్మడి కాపురంలో వంటిల్లు లాంటివి. ఒకరు సర్దుకుంటే ఇంకొకరికి గరిటె దొరకదు.

అందుకే బాగుచేయడంలో మొదటి ప్రశ్న ఏం చేయాలన్నది కాదు, ఎక్కడ ఆగిందన్నది. పవర్ బటన్ నొక్కాక పని చేతులు మారుతూ పోతుంది. బయోస్ డిస్కులోని మొదటి సెక్టార్‌ను పిలుస్తుంది. అది బూట్‌లోడర్‌లోని మిగతా భాగాన్ని, అది మెనూను, మెనూ కెర్నెల్‌ను, కెర్నెల్ రూట్ పార్టిషన్‌ను అందుకుంటాయి. స్క్రీన్ మీద చివరగా కనిపించిన వాక్యం ఏ మజిలీదో పోల్చుకుంటే సగం పని అయినట్టే. ఆ వాక్యాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిది. ఆందోళనలో మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవారు ఆ ఒక్క ఆధారాన్నీ చెరిపేసుకుంటారు.

బయోస్ దగ్గరే ఆగితే

పాత యంత్రంలో ముందు అనుమానించాల్సింది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీని. అది నీరసించాక, ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతాయి. బూట్ వరుస మారిపోతుంది. రెండు డిస్కులున్న యంత్రంలో బూట్‌లోడర్ లేని డిస్కు ముందుకొచ్చి, ఆపరేటింగ్ సిస్టమ్ లేదని చెబుతుంది. సాటా పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారితే లినక్స్ పట్టించుకోదు గానీ, విండోస్ 7 నీలి తెర చూపి 0x0000007బీ అన్న సంఖ్యతో ఆగిపోతుంది. దాన్ని చూసి విండోస్ పాడైందని, లినక్స్ దాన్ని చెడగొట్టిందని అనుకుంటారు. నిజానికి కొత్త బ్యాటరీ వేసి, బయోస్‌లో ఆ ఒక్క సెట్టింగు పాత స్థితికి తెస్తే సరిపోతుంది.

తేదీ కూడా బ్యాటరీతోపాటే పోతుంది. గడియారం పదిహేనేళ్లు వెనక్కి వెళితే ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే, ఈ పార్టిషన్‌ను చివరిసారి భవిష్యత్తులో వాడారంటూ తకరారు పెట్టవచ్చు. బ్రౌజర్‌లో సురక్షిత సైట్లు తెరుచుకోవు. డెబియన్ కుటుంబంలో అప్‌డేట్ అడిగితే, రిలీజ్ ఫైలు ఇంకా అమల్లోకి రాలేదని జవాబు వస్తుంది. మూడు చోట్ల మూడు రకాల లోపాలు కనిపిస్తున్నా మందు ఆ బ్యాటరీయే.

యూఎస్‌బీ నుంచి బూట్ కాని బయోస్‌లు పాత పెంటియం 4 యంత్రాల్లో ఉన్నాయి. అలాంటిచోట సీడీలో రాసిన ప్లాప్ అనే చిన్న బూట్ మేనేజర్ పనికొస్తుంది. అది ముందు తాను లేచి, ఆపైన యూఎస్‌బీని తన సొంత డ్రైవర్‌తో లేపుతుంది.

మొదటి సెక్టార్

బయోస్ పద్ధతిలో నడిచే డిస్కు మొదటి సెక్టార్‌ను మాస్టర్ బూట్ రికార్డు అంటారు. దాని పరిమాణం 512 బైట్లు. మొదటి 446 బైట్లలో బూట్ కోడు, తర్వాతి 64 బైట్లలో పార్టిషన్ల పట్టిక, చివరి 2 బైట్లలో గుర్తు ఉంటాయి. పట్టికలో ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్లు పోతాయి. అందుకే ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు. అంతకంటే ఎక్కువ కావాలంటే నాలుగింటిలో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్‌గా మార్చి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు పెట్టుకోవాలి. వాటి సంఖ్యలు 5 నుంచి మొదలవుతాయి.

ల్యాప్‌టాప్ తయారీదారులు రికవరీకి ఒకటి, విండోస్ 7 తన 100 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్‌కు ఒకటి, సీ డ్రైవ్, డీ డ్రైవ్ అంటూ నాలుగూ వాడేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పుడు విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఐదోదాన్ని సృష్టించబోతే, డిస్కును డైనమిక్ డిస్కుగా మారుస్తానని ఒక హెచ్చరిక వస్తుంది. చదవకుండా ఓకే నొక్కితే, ఆ తర్వాత లినక్స్ ఇన్‌స్టాలర్లకు ఆ డిస్కులో మామూలు పార్టిషన్లు కనబడవు. లినక్స్‌కు చోటు కావాలంటే విండోస్‌లో డీ డ్రైవ్‌ను తీసేసి ఆ స్థలాన్ని ఖాళీగా వదలడమే సరైన మార్గం. పార్టిషన్లు చేసుకునే పని ఇన్‌స్టాలర్‌కు విడిచిపెట్టాలి.

446 బైట్ల చోటులో ఒక్క బూట్ కోడుకే స్థానం. ఎవరు చివర రాస్తే వారిదే రాజ్యం. విండోస్‌ను మళ్లీ ఎక్కిస్తే అది తన కోడు రాసుకుంటుంది, లినక్స్ మెనూ మాయమవుతుంది. లినక్స్ ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. పోయింది వాటికి దారి మాత్రమే. ఏ లైవ్ లినక్స్ నుంచైనా డీడీ కమాండుతో ఈ 512 బైట్లను ముందే ఒక ఫైలుగా దాచుకుంటే ఉపకరిస్తుంది. తిరిగి రాసేటప్పుడు మాత్రం 446 బైట్లే రాయాలి. మొత్తం 512 రాస్తే, మధ్యకాలంలో మారిన పార్టిషన్ల పట్టిక మీద పాత పట్టిక వచ్చి కూర్చుంటుంది.

గ్రబ్ రెస్క్యూ అంటే ఏమిటి

ఇప్పటి లినక్స్‌లలో ఎక్కువ వాటి బూట్‌లోడర్ గ్రబ్. ఎరిక్ బోలిన్ 1995లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ తర్వాత జీఎన్‌యూ ప్రాజెక్టులో చేరింది. దాన్ని దాదాపు కొత్తగా రాసిన గ్రబ్ 2ను ఉబుంటు 2009 అక్టోబరులో, 9.10 విడుదలతో మామూలు బూట్‌లోడర్‌గా తీసుకుంది. 446 బైట్లలో గ్రబ్ మొత్తం పట్టదు. ఆ కాస్త కోడు చేసేది ఒక్కటే: కోర్ ఇమేజ్ అనే రెండో ముక్కను పిలవడం. ఈ ముక్క మొదటి సెక్టార్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీ స్థలంలో ఉంటుంది. మెనూ, మాడ్యూళ్లు మాత్రం ఏదో ఒక లినక్స్ పార్టిషన్‌లోని బూట్ డైరెక్టరీలో ఉంటాయి. మెనూ మింట్ పార్టిషన్‌లో ఉంటే, మింట్‌ను చెరిపేసిన నాడు డెబియన్, విండోస్ కూడా బూట్ కావు.

ఆ ఖాళీ స్థలంలోనూ పాత డిస్కులకు ఒక ఇబ్బంది ఉంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ నుంచి మొదలయ్యేది. మధ్యలో మిగిలేది 62 సెక్టార్లు, అంటే 31 కేబీ. ఇప్పటి పనిముట్లు 2048వ సెక్టార్ నుంచి మొదలుపెట్టి దాదాపు 1 ఎంబీ వదులుతాయి. ఎక్స్‌పీ నాటి పార్టిషన్ల మీదే నేటి గ్రబ్‌ను ఎక్కిస్తే, కోర్ ఇమేజ్ పట్టదన్న సందేశంతో ఆగిపోవచ్చు. మొదటి పార్టిషన్ ఆరంభాన్ని జీపార్టెడ్‌తో ఒక ఎంబీ ముందుకు జరపాలి. డేటాను బ్యాకప్ తీసుకోకుండా ఆ పని చేయకూడదు. ముసలి డిస్కులో వందల గిగాబైట్లను జరపడం గంటల తరబడి సాగుతుంది, మధ్యలో కరెంటు పోతే మిగిలేదేమీ ఉండదు.

నల్లటి తెర మీద 'నో సచ్ పార్టిషన్' అనీ దాని కింద 'గ్రబ్ రెస్క్యూ' అనీ కనిపిస్తే, కోర్ ఇమేజ్ లేచింది గానీ తన మాడ్యూళ్లు దానికి దొరకలేదని అర్థం. దీనికి మామూలుగా కనిపించే కారణం లాజికల్ పార్టిషన్ల సంఖ్యలు మారడం. 5లో ఆంటిఎక్స్, 6లో డెబియన్, 7లో మింట్ ఉండి, గ్రబ్ ఫైళ్లు మింట్‌లో ఉన్నాయనుకుంటే, ఇక వద్దనుకుని 5ను తీసేయగానే 6 కాస్తా 5 అవుతుంది, 7 కాస్తా 6 అవుతుంది. గ్రబ్‌కు మాత్రం తన ఫైళ్లు 7లో ఉన్నట్టే గుర్తు.

ఆ ప్రాంప్ట్ దగ్గర అర్థమయ్యే కమాండ్లు నాలుగైదే, కానీ బయటపడటానికి అవి చాలు. ముందు 'ఎల్‌ఎస్' అని కొడితే డిస్కులు, పార్టిషన్లు బ్రాకెట్లలో వస్తాయి: (హెచ్‌డీ0), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్1) అన్నట్టుగా. గ్రబ్ 2 డిస్కులను సున్నా నుంచి, పార్టిషన్లను ఒకటి నుంచి లెక్కపెడుతుంది. పాత గ్రబ్ రెండింటినీ సున్నా నుంచే లెక్కపెట్టేది, అందుకని పాత పుస్తకాల్లోని సంఖ్యలను గుడ్డిగా కొట్టకూడదు. తర్వాత ఒక్కో పార్టిషన్ పేరు చివర స్లాష్ పెట్టి మళ్లీ 'ఎల్‌ఎస్' అడగాలి. విండోస్ పార్టిషన్ దగ్గర 'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అంటుంది, లినక్స్ పార్టిషన్ దగ్గర బూట్, ఈటీసీ, హోమ్ లాంటి డైరెక్టరీలు కనిపిస్తాయి. గ్రబ్ ఫైళ్లున్నది 6లో దొరికితే 'సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6)/బూట్/గ్రబ్' అని, తర్వాత 'ఇన్స్‌మాడ్ నార్మల్' అని, ఆ తర్వాత 'నార్మల్' అని కొట్టాలి. మెనూ తిరిగి వస్తుంది.

ఇది ఒక్కసారికి పనికొచ్చే ఉపాయమే. లోపలికి వెళ్లగానే 'గ్రబ్-ఇన్‌స్టాల్'ను పూర్తి డిస్కు పేరుతో నడిపితేనే పని పూర్తవుతుంది. ఎస్‌డీఏ అని ఇవ్వాలి, ఎస్‌డీఏ5 అని కాదు. తరచు జరిగే పొరపాటు ఇదే.

మెనూ తిరిగి రాకపోతే లైవ్ యూఎస్‌బీ నుంచి లేపాలి. లినక్స్ పార్టిషన్‌ను మౌంట్ చేసి, దాని లోపలికి డెవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలను బైండ్ పద్ధతిలో తగిలించి, 'సీహెచ్‌రూట్'తో అందులోకి దిగి, అక్కడి నుంచి గ్రబ్-ఇన్‌స్టాల్, ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్ నడపాలి. 32 బిట్ లైవ్ డిస్కు నుంచి 64 బిట్ సిస్టమ్‌లోకి సీహెచ్‌రూట్ కుదరదు. పాత కంప్యూటర్ కదా అని 32 బిట్ డిస్కు పట్టుకొచ్చినవారు ఇక్కడే ఇరుక్కుంటారు. టైపింగ్‌కు జంకేవారికి సూపర్ గ్రబ్2 డిస్క్ ఉంది. డిస్కులోని సిస్టమ్‌లను తానే వెతికి జాబితా ఇస్తుంది.

డిస్కు చివర కనిపించనప్పుడు

పాత యంత్రాలకే ప్రత్యేకమైన లోపం ఇంకొకటుంది. అసలు కారణం తెలియకపోతే చేతబడి అనిపిస్తుంది. గ్రబ్ డిస్కును బయోస్ ద్వారానే చదువుతుంది. 28 బిట్ చిరునామాలతో పనిచేసే బయోస్‌లకు 137 జీబీ దాటిన భాగం కనిపించదు. 2002 ప్రాంతంలో ఏటీఏ-6 ప్రమాణంతో 48 బిట్ చిరునామాలు వచ్చాయి, అంతకు ముందటి బోర్డుల్లో ఈ హద్దు ఉంటుంది. అలాంటి బోర్డుకు తర్వాతెప్పుడో 250 జీబీ డిస్కు తగిలించి, దాన్నంతా ఒకే పార్టిషన్‌గా చేస్తే మొదట్లో అంతా సవ్యంగానే నడుస్తుంది. కెర్నెల్ ఫైలు డిస్కు మొదటి భాగంలో ఉంది కాబట్టి. నెలల తర్వాత ఒక అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ 137 జీబీ అవతల ఎక్కడో పడుతుంది. అప్పుడు గ్రబ్, డిస్కు బయటి భాగాన్ని చదవబోయానంటూ ఆగిపోతుంది. తమాషా ఏమిటంటే మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే చక్కగా లేస్తుంది, లేచాక లినక్స్‌కు డిస్కు మొత్తం కనిపిస్తుంది కూడా. లినక్స్ తన సొంత డ్రైవర్‌తో చదువుతుంది, బయోస్‌ను అడగదు. డిస్కు ఆరంభంలోనే 1 జీబీ చిన్న బూట్ పార్టిషన్ విడిగా పెట్టుకోవడం దీనికి శాశ్వత పరిష్కారం.

'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అన్న మాటకు ఈ మధ్య కొత్త కారణం తోడైంది. లినక్స్ పార్టిషన్లలో వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ పేరు మారకపోయినా దాని లోపలి సదుపాయాలు మారుతున్నాయి. దాన్ని ఫార్మాట్ చేసే పనిముట్ల ప్యాకేజీ ఈ2ఎఫ్‌ఎస్‌ప్రాగ్స్ 1.47.0, 2023లో రెండు కొత్త సదుపాయాలను మామూలుగానే ఆన్ చేసింది. అవి మెటాడేటా_సీసమ్_సీడ్, ఆర్ఫన్_ఫైల్. కొత్త డిస్ట్రో ఫార్మాట్ చేసిన పార్టిషన్‌లో మొదటిది ఉంటే పాత డిస్ట్రో తాలూకు గ్రబ్ దాన్ని చదవలేదు. రెండోది ఉంటే పాత డిస్ట్రో ఎఫ్‌ఎస్‌సీకే తనిఖీకి ఒప్పుకోదు. ఎక్స్‌ట్4 అంటే అన్నిచోట్లా ఒకటేనన్న నమ్మకంతో వెతికితే జవాబు దొరకదు. అన్నిటికంటే కొత్తదైన డిస్ట్రోకు బూట్ పెత్తనం ఇవ్వడమో, పార్టిషన్లను పాత డిస్ట్రోలో ఫార్మాట్ చేసి కొత్తదానికి అప్పగించడమో చేయాలి.

మెనూ వచ్చింది, అందులో కావలసినది లేదు

అప్‌డేట్-గ్రబ్ నడిచినప్పుడు ఓఎస్-ప్రోబర్ అనే స్క్రిప్టు మిగతా పార్టిషన్లను తడిమి చూసి, దొరికిన సిస్టమ్‌లను మెనూలో చేరుస్తుంది. 2021 జూన్‌లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి భద్రత కారణంగా దీన్ని మామూలుగా ఆపేశారు. దాంతో డిస్ట్రోను కొత్త వెర్షన్‌కు మార్చుకున్న చాలామందికి విండోస్ మెనూలోంచి మాయమైంది. ఈటీసీ డైరెక్టరీలోని డిఫాల్ట్ అనే డైరెక్టరీలో గ్రబ్ ఫైలును తెరిచి, 'గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్' అన్న వరుస చేర్చి, అప్‌డేట్-గ్రబ్ మళ్లీ నడిపితే అది తిరిగి వస్తుంది.

దీనికి పక్కనే ఉన్న లోపం మరింత గడుసుది. మెనూ మింట్ చేతిలో ఉంది, డెబియన్‌లో కెర్నెల్ అప్‌డేట్ అయింది. డెబియన్ తన మెనూ ఫైలును సరిచేసుకుంది గానీ, బూట్ అయ్యేటప్పుడు చదివేది మింట్ ఫైలును. అక్కడ ఇంకా డెబియన్ పాత కెర్నెల్ పేరే ఉంటుంది. పాత కెర్నెల్‌ను తొలగించాక, ఫైలు దొరకలేదంటూ డెబియన్ లేవదు. ప్రతిసారీ మింట్‌లోకి వెళ్లి అప్‌డేట్-గ్రబ్ నడపడం ఒక మార్గం. మింట్ మెనూలో '40_కస్టమ్' అనే ఫైలు ద్వారా ఒక వరుస చేర్చి, డెబియన్ సొంత మెనూ ఫైలును 'కాన్ఫిగ్‌ఫైల్' కమాండుతో తెరిపించడం ఇంకా మంచి మార్గం. అప్పుడు డెబియన్‌లో ఏం మారినా మింట్‌ను ముట్టుకునే పనే ఉండదు. మూడు నాలుగు లినక్స్‌లు ఉన్నవారు మొదటి రోజే చేసుకోవాల్సిన ఏర్పాటిది.

పెత్తనం ఒక్కదానికే ఇచ్చామని మనం అనుకున్నా, మిగతావి అలా అనుకోవు. డెబియన్ కుటుంబంలోని గ్రబ్-పీసీ ప్యాకేజీ, తనను ఏ డిస్కులో ఎక్కించారో రాసి పెట్టుకుంటుంది. ఆ ప్యాకేజీకి అప్‌డేట్ వచ్చినప్పుడు అడగకుండానే మొదటి సెక్టార్‌ను తిరగరాస్తుంది. ఉదయం మింట్ మెనూ ఉన్నచోట సాయంత్రం డెబియన్ మెనూ కనిపించేది ఇందుకే. 'డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ' నడిపి, డిస్కుల జాబితాలో టిక్కులన్నీ తీసేస్తే అది ఊరుకుంటుంది. కొత్తగా ఎక్కించేటప్పుడే, గ్రబ్ పెట్టమంటావా అని డెబియన్ ఇన్‌స్టాలర్ అడిగిన ప్రశ్నకు వద్దని చెప్పడం ఇంకా సులువు. ఉబుంటులో యుబిక్విటీ ఇన్‌స్టాలర్ ఉన్న కాలంలో దాన్ని '-బి' గుర్తుతో నడిపితే బూట్‌లోడర్ జోలికి వెళ్లేది కాదు.

ఆ ప్యాకేజీ రాసుకున్న డిస్కు తప్పయితే ఏమవుతుందో 2020 జులైలో చాలామందికి తెలిసింది. బూట్‌హోల్ అనే లోపాన్ని సరిచేస్తూ వచ్చిన గ్రబ్ అప్‌డేట్ తర్వాత, బయోస్ పద్ధతి కంప్యూటర్లు ఎన్నో 'గ్రబ్_కాలాక్' అనే సింబల్ దొరకలేదంటూ ఆగిపోయాయి. డిస్కు మార్చినప్పుడు పాత డిస్కు పేరే ప్యాకేజీ రికార్డులో మిగిలిపోవడంతో కొత్త కోర్ ఇమేజ్ అసలు డిస్కులో పడలేదు. మాడ్యూళ్లు మాత్రం కొత్తవి వచ్చాయి. పాత కోరుకూ కొత్త మాడ్యూళ్లకూ పొసగలేదు. సీహెచ్‌రూట్‌లోకి దిగి సరైన డిస్కు పేరుతో గ్రబ్-ఇన్‌స్టాల్ నడపగానే చాలా యంత్రాలు లేచాయి.

కెర్నెల్ దగ్గర ఆగితే

మెనూలో ఎంచుకున్నాక ఆగితే ఆ వరుస మీద ఉండగా 'ఈ' నొక్కాలి. కెర్నెల్ వరుసలో 'క్వయెట్ స్ప్లాష్' అన్న మాటలు తీసేసి కంట్రోల్-ఎక్స్ నొక్కితే, అందమైన లోగో వెనక దాగిన సందేశాలన్నీ కనిపిస్తాయి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. సందేశాలు సజావుగా సాగి తెర నల్లబడితే తప్పు గ్రాఫిక్స్‌ది కావచ్చు. అదే వరుసలో 'నోమోడ్‌సెట్' అని చేర్చి చూడాలి.

ప్రాసెసర్ వయసు ఇక్కడ బయటపడుతుంది. తొలితరం పెంటియం ఎం ల్యాప్‌టాప్‌లు పీఏఈ అనే ప్రాసెసర్ సదుపాయం ఉన్నా లేదని చెబుతాయి. ఉబుంటు 12.10 నుంచి పీఏఈ లేనిదే కెర్నెల్ లేవదు. తర్వాత 14.04లో 'ఫోర్స్‌పీఏఈ' అన్న మాటతో దారి దొరికింది. కోర్ 2 డుయోది ఇంకో కథ. అది నిక్షేపంగా 64 బిట్ ప్రాసెసరే. అయినా 2022లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, దాని బాటలో నడిచే ఆల్మా 9, రాకీ 9 ఎక్స్86-64-వీ2 అనే స్థాయిని కోరతాయి. అందులో భాగమైన ఎస్‌ఎస్‌ఈ4.2 సూచనలు కోర్ 2లో లేవు. ప్రాసెసర్ ఆ స్థాయిని అందుకోలేదని చెప్పి ఆగిపోతాయి, ఏ సెట్టింగూ దాన్ని మార్చలేదు. 32 బిట్ మాత్రమే తెలిసిన యంత్రాలకు దారి ఇంకా ఇరుకైంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను అలాంటి యంత్రంలో నేరుగా ఎక్కించే వీలు లేదు. ఆ సదుపాయం డెబియన్ 12తో ఆగింది.

నిమిషంన్నర నిరీక్షణ

మల్టీబూట్‌లో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే లోపం ఇది. మింట్, డెబియన్ రెండూ ఒకే స్వాప్ పార్టిషన్‌ను వాడుకుంటున్నాయి. మూడోదిగా ఆంటిఎక్స్ ఎక్కించారు. కొత్త ఇన్‌స్టాలర్లు చాలావరకు స్వాప్ కనిపిస్తే దాన్ని ఫార్మాట్ చేసేస్తాయి. స్వాప్‌లో దాచుకునేదేమీ లేదు కాబట్టి నష్టం లేదనిపిస్తుంది. కానీ ఫార్మాట్‌తో దాని యూయూఐడీ మారుతుంది. పార్టిషన్ సంఖ్యలు మారినా తికమక రాకూడదని ప్రతి పార్టిషన్‌కూ ఇచ్చే పొడుగాటి గుర్తింపు సంఖ్య అది. బూట్ వేళ తగిలించాల్సిన పార్టిషన్ల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైళ్లలో, మింట్‌లోనూ డెబియన్‌లోనూ, ఇంకా పాత యూయూఐడీయే ఉంటుంది. బూట్ వేళ సేవలను ఆరంభించే సిస్టమ్‌డీ ఆ పార్టిషన్ వస్తుందేమోనని 90 సెకన్లు ఎదురుచూస్తుంది. తెర మీద 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అన్న వరుస, పక్కనే 1 నిమిషం 30 సెకన్ల లెక్క కనిపిస్తాయి. తర్వాత స్వాప్ లేకుండానే లోపలికి వెళుతుంది. 2 జీబీ ర్యామ్ యంత్రంలో స్వాప్ లేకపోతే బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచేసరికి యంత్రం బిగుసుకుపోవచ్చు. అప్పుడు నెపం బ్రౌజర్ మీద పడుతుంది.

'బీఎల్‌కేఐడీ' కమాండు కొత్త యూయూఐడీని చూపిస్తుంది. దాన్ని పాత సిస్టమ్‌ల ఎఫ్‌స్టాబ్‌లో రాయాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కొంత ఆలస్యం మిగిలిపోతుంది. డెబియన్ కుటుంబంలో హైబర్నేషన్ కోసం అదే యూయూఐడీ ఇంకోచోట, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ డైరెక్టరీలోని 'రెజ్యూమ్' అనే ఫైలులో కూడా ఉండవచ్చు. దాన్నీ మార్చి, 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు' నడిపితేనే నిరీక్షణ పూర్తిగా పోతుంది.

ఎఫ్‌స్టాబ్‌లో రాసి ఉండి దొరకనిది స్వాప్ కాక ఉమ్మడి డేటా పార్టిషన్ అయితే 90 సెకన్ల తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లోకి జారుతుంది. అత్యవసరం కాని ప్రతి పార్టిషన్‌కూ 'నోఫెయిల్' అన్న మాట చేరిస్తే, అది దొరకకపోయినా బూట్ ఆగదు.

ఇన్ని సాఫ్ట్‌వేర్ కారణాలు వెతికే ముందే ఒకసారి డిస్కు నాడి చూడటం న్యాయం. డిస్కు ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండు నివేదికలో రీఅలోకేటెడ్, పెండింగ్ సెక్టార్ల అంకెలు పెరుగుతూ పోతుంటే డిస్కు రోజులు దగ్గరపడ్డాయి. ఆ స్థితిలో ఎఫ్‌ఎస్‌సీకే నడపకూడదు, ముందు డీడీరెస్క్యూతో నకలు తీసుకోవాలి. యూడీఎంఏ సీఆర్‌సీ అంకె ఒక్కటే పెరుగుతుంటే డిస్కు మంచిదే, సాటా కేబుల్ మార్చి చూడాలి.

అన్నీ బూట్ అయ్యాక

గడియారం తగవు మన దేశంలో స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే తేడా ఎప్పుడూ ఐదున్నర గంటలే. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం రాస్తుంది. లినక్స్ అందులో ఉన్నది యూటీసీ అనుకుని 5:30 కలుపుతుంది. ఉదయం పదింటికి విండోస్ మూసి ఇంటర్నెట్ లేకుండా మింట్ తెరిస్తే మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. ఇంటర్నెట్ ఉంటే మింట్ సరిచేసుకుని గడియారంలో యూటీసీ రాస్తుంది. వెంటనే విండోస్ తెరిస్తే తెల్లవారుజాము నాలుగున్నర. సిస్టమ్‌డీ వాడే ప్రతి లినక్స్‌లోనూ 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అని చెప్పవచ్చు. అలాంటి మూడు లినక్స్‌లున్నచోట అది మూడుసార్లు చేయాలి. ఒక్క విండోస్‌నే మార్చడం మేలు. దాని రిజిస్ట్రీలో 'రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్' అన్న విలువను 1 చేస్తే అదీ యూటీసీకి ఒప్పుకుంటుంది.

హోమ్ పార్టిషన్‌ను అన్ని లినక్స్‌లకూ ఉమ్మడిగా పెట్టాలన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ నిలవదు. ఒకే ప్రోగ్రామ్ రెండు వెర్షన్లు ఒకే సెట్టింగుల ఫైలు మీద రాస్తాయి. కొత్త ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్‌ను పాత ఫైర్‌ఫాక్స్ తెరవనంటుంది. ఫైళ్ల యజమాని ఎవరో లినక్స్ పేరుతో కాక అంకెతో గుర్తిస్తుంది. ఇప్పుడు దాదాపు అన్ని డిస్ట్రోలూ తొలి యూజర్‌కు 1000 ఇస్తున్నా, 2011లో వచ్చిన ఫెడోరా 16కు ముందు ఆ కుటుంబం 500 నుంచి మొదలుపెట్టేది. హోమ్ ఎవరిది వారికి ఉంచి, పత్రాలు, ఫొటోలు, పాటలు మాత్రం ఉమ్మడి డేటా పార్టిషన్‌లో పెట్టుకోవాలి.

ఆ డేటా పార్టిషన్‌కు నిజమైన ప్రమాదం హైబర్నేషన్. మింట్‌ను హైబర్నేట్ చేసి డెబియన్ తెరిస్తే, మింట్ జ్ఞాపకాలు దాగిన స్వాప్‌ను డెబియన్ తనదిగా వాడేసుకోవచ్చు. అంతకంటే ఘోరం, డేటా పార్టిషన్‌లో ఫైళ్లు మారాక మింట్ నిద్రలేచి, తన పాత లెక్కల ప్రకారం దాని మీద రాయడం మొదలుపెడుతుంది. విండోస్ 7ను హైబర్నేట్ చేసినా ఇదే తంతు. అందుకే లినక్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్ అలాంటి పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే తెరిచి, రాయడానికి నిరాకరిస్తుంది. అది లోపం కాదు. విండోస్‌లోకి వెళ్లి పూర్తిగా షట్‌డౌన్ చేసి వస్తే రాయడానికి మళ్లీ తెరుచుకుంటుంది.